పచ్చ రంగు పడవ

మల్కాపురం,
2025 నవంబరు 3.

నా బంగారు తల్లి సూర్యకళకి, ఆనందం పట్టలేక గుండె మీద చెయ్యేసుకుని నాన్న పోలిరాజు రాయునది —

నీ ఉత్తరం అందింది. బరోడా ముద్ర చూడగానే పోస్టుమాను చేతిలోంచి లాక్కున్నాను. చేపలరేవులో వలలు కుట్టే షెడ్డు కింద కూర్చుని నలుగురికీ వినబడేలా చదివాను. నువ్వు చేసే పనిని మన విశాఖపట్నంలోనే, సీతమ్మధార హాల్లో, ఫిబ్రవరిలో జనానికి చూపిస్తారా! ఓలమ్మ! లాంచీ మీద అన్నేళ్లు పనిచేశాను, పోర్టులోకి ఎంతెంత ఓడలు వచ్చాయో చూశాను. ఒక్కదానికీ నా ఒళ్లు ఇలా పులకరించలేదు.

వీధిలో అందరికీ చెప్పేశాను. 'మా అమ్మాయి వీడియో ఇన్‌స్టలేషన్ చేస్తోంది' అని నువ్వు రాసినట్టే చెప్పాను. పక్కింటి గురువమ్మ వెంటనే, "అన్నా, మా ఇంటికి ఏసీ కొన్నాం. పిల్ల వచ్చినప్పుడు బిగించి పోతాదేటి?" అంది. నవ్వకు తల్లీ. నాకూ సగమే అర్థమైంది. సగం అర్థమైతేనే ఇంత సంతోషంగా ఉంది, మొత్తం అర్థమైతే తట్టుకోగలనో లేదో.

ఫోను చెయ్యకుండా ఉత్తరాలెందుకు నాన్నా అన్నావు. ఫోను మోగి నీ పేరు కనబడిందంటే చాలు, మీ అమ్మ గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలెడుతుంది. ద్వారకా నగర్‌లో బ్యాంకు కోచింగు మానేసి నువ్వు బొమ్మల కాలేజీకి వెళ్లిన రోజు నుంచి నీతో మాట్లాడలేదు కదా. ఆ గిన్నెల మోతలో నాకు నీ మాట వినబడదు, నీకు నా మాట వినబడదు. ఉత్తరమైతే మోత ఉండదు.

నాకు ఒకటే కోరిక. మీ అమ్మ ఆ హాలుకి రావాలి. నువ్వు చేసింది తన కళ్లతో చూడాలి. ఒక్కసారి చూస్తే మాట్లాడకుండా ఉండగలదా? నీ పేరులోనే కళ ఉంది. ఆ పేరు పెట్టింది మీ అమ్మే!

నేనేం చెయ్యాలో చెప్పు. సముద్రం తోడమన్నా తోడతాను.

నీ విజయం ముందే చూసేసిన
నాన్న


బరోడా,
నవంబరు 10.

నాన్నా,

సముద్రం తోడక్కర్లేదు. ఒక్క పడవ చాలు.

నేను చేసేది ఇది. అప్పలరాజు మామయ్య పడవ వేటకెళ్లి పెదజాలారిపేట ఒడ్డుకి తిరిగి వస్తుంది. మామయ్య పడవలో ఉంటాడు. నువ్వూ అమ్మా ఒడ్డున ఉంటారు. ముగ్గురి తలలకీ చిన్న చిన్న కెమెరాలు కడతాం. ఎవరు ఎటు చూస్తే అదే పడుతుంది. తర్వాత చీకటి గదిలో మూడు తెరలు పెట్టి, ముగ్గురు చూసిందీ ఒకేసారి వేస్తాను. పడవ ఒకటే, సమయం ఒకటే. కానీ చూసిన మనిషి మారితే చూసింది మారుతుంది. వచ్చినవాళ్లు ఆ మూడింటి మధ్యా నిలబడతారు. అంతే నాన్నా, అదే ఇన్‌స్టలేషన్. గురువమ్మ అత్తకి ఏసీ మనిషిని వేరే చూసుకోమను.

సీతమ్మధారలో ఉంటుందే నా స్నేహితురాలు ధనలక్ష్మి, తను కెమెరాలు తెస్తుంది. అవి అద్దెవి, ఒక్కరోజే దొరుకుతాయి.

నువ్వు చెయ్యాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. మామయ్యని అడిగి పడవకి పచ్చ రంగు వేయించు. మరీ లేత పచ్చ వద్దు, మరీ ముదురూ వద్దు, నడిమిరకం. ఎందుకని అడగకు. చెబితే నీ చూపు మారిపోతుంది.

అమ్మ కెమెరా కట్టించుకుంటుందా? ఆమె కళ్లు లేకపోతే ఇది సగమే.

నీ
సూర్యకళ


మల్కాపురం,
నవంబరు 20.

తల్లీ, అయిపోయింది! అద్భుతంగా అయిపోయింది! అక్షరాలు వంకరగా ఉంటే సముద్రం గాలి అనుకో.

ముందు రంగు సంగతి. మీ మామయ్య మొదట ఒప్పుకోలేదు. "బావా, ఉన్న నీలం బాగానే ఉంది గదా, ఇప్పుడేటి నీకీ సోకు?" అన్నాడు. "నీ మేనకోడలు అడిగింది బావా" అన్నాను. వెంటనే బ్రష్షు తెచ్చాడు. ఇద్దరం కలిసి వేశాం. నడిమిరకమే, నువ్వు రాసినట్టు. ఎండలో పెడితే పడవ పెళ్లికూతురిలా ఉంది! జాలారిపేట అంతా వచ్చి చూశారు. వాసు అని వలల వ్యాపారం కుర్రాడు, "అప్పలరాజూ, పడవకి నలుగెట్టి పేరంటానికి తోలతన్నావేటి?" అన్నాడు. మీ మామయ్య చేతిలో బ్రష్షుతో వాడి ముక్కుకి కూడా ఇంత పూశాడు.

మీ అమ్మ సంగతి. కెమెరా మాటెత్తగానే, "నానేటి సర్కసుదాన్నా?" అంది. ఆ రోజు పొద్దున్న నేను బయల్దేరుతుంటే మాత్రం చెప్పులేసుకుంది. "ఎందుకొస్తన్నావు?" అంటే, "ఒడ్డుకెల్లి సేపలు సూడకూడదేటి?" అంది. నీ ధనలక్ష్మి బంగారం! "అత్తా, జుట్టు సెదరకుండా కడతానే" అని బతిమాలింది. మీ అమ్మ తల వంచి, "కట్టు. గాని ఆ పిల్లతో నాను మాటాడినట్టు కాదు" అంది. కెమెరాకి చెవులుంటాయని ఆమెకి తెలీదు.

పడవ మలుపు తిరిగి కనబడిందమ్మా! నేను మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లిపోయాను. కేకలు వేశాను. తలకి కెమెరా ఉందన్న సంగతే మరిచిపోయి గెంతాను. ధనలక్ష్మి "మావయ్యా, ఊగకండి!" అంటూనే ఉంది. ఎలా ఊగకుండా ఉంటాను? నా కూతురు చెప్పిన పడవ, నా కూతురు చెప్పిన రంగులో, అలల మీద నిప్పురవ్వలా వస్తుంటే! మీ అమ్మ వెనకాల రంగు గురించి ఏదో గొణిగింది. ఆమెకి ప్రతిదానికీ వంకే, పట్టించుకోలేదు.

తొందరగా చూడు. చూసి ఎగిరి గంతెయ్యి.

నీ నాన్న


బరోడా,
నవంబరు 27.

నాన్నా,

ధనలక్ష్మి ఫోనులో రెండు ఫొటోలు పంపింది. పడవ పసుపు రంగులో ఉంది.

నేను అడిగింది పచ్చ. ఆకుపచ్చ! సముద్రంలో కలిసిపోయే రంగు. మామూలు మనిషికి నీళ్లే కనబడాలి. నీకూ అమ్మకీ మాత్రం దూరం నుంచే పడవ తెలిసిపోవాలి. ఎవరి చూపు ఎక్కడ ఆగుతుందో చూపించడమే నా ఆలోచన. పసుపు పడవ ఎవడికి కనబడదు? అదీ నిప్పురవ్వలా!

కెమెరాలు వెనక్కి వెళ్లిపోయాయి. వచ్చే నెల పదిహేను లోపల పని పూర్తిచేసి పంపకపోతే నా చోటు వేరేవాళ్లకి ఇస్తారు. మళ్లీ తీయడం కుదరదు. ఈసారికి వద్దులెండి అని హాలు వాళ్లకి రాసేద్దామనుకుంటున్నాను.

నీ మీద కోపం లేదు. నా మీదే. అమ్మ అన్నది నిజమేనేమో, బ్యాంకులో కూర్చుని ఉంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

సూర్యకళ


మల్కాపురం,
డిసెంబరు 2.

సూర్యకళా,

వద్దని రాయకు! నా మీద ఒట్టు, రాయకు. ఈ ఉత్తరం చేరేలోపు రాసేసి ఉంటే, పోస్టాఫీసుకి పరిగెత్తి వెనక్కి తీసుకో.

తప్పు నాదా? నువ్వే చెప్పు. పచ్చ అంటే పసుపు కాదా? పచ్చకామెర్లు వస్తే కళ్లు ఆకురంగులోకి తిరుగుతాయా? మేలిమి బంగారాన్ని పచ్చగా ఉందంటాం, అది కాకరకాయలా ఉంటుందా? మా అమ్మ నాకు నేర్పిన పచ్చ ఇదేనమ్మా. ఆకురంగుని మేము 'ఆకుపచ్చ' అని పూర్తిగా అంటాం. నువ్వు ఆకు రాయలేదు. ఆకు రాసి ఉంటే ఊళ్లో ఉన్న ఆకులన్నీ ఏరి తెచ్చి చూపించి మరీ రంగు కొనేవాణ్ణి!

పోనీ అని షెడ్డు కింద అందరినీ అడిగాను. సగం మంది నావైపు, సగం మంది నీవైపు. వాసు, "పచ్చంటే పచ్చే, మీకేటి రోగం?" అన్నాడు. ఏ పచ్చరా అంటే వాడికీ తెలీదు. చివరికి కుట్టే వలలు వదిలేసి దెబ్బలాట. ఒకడు 'మీ ఇంటి తలుపు పచ్చ' అంటే ఇంకొకడు 'నీ మొహం పచ్చ' అంటున్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. నవ్వాను.

తల్లీ, మన పడవ బాగుంది. రంగు తప్పైతే తప్పే అనుకో, కానీ అది ఒడ్డుకి వచ్చిన తీరు చూశావా? ఫొటోలు కాదు, కదిలే బొమ్మ చూడు. పూర్తిగా చూసి, మాటలు కూడా విని, అప్పుడు నన్ను తిట్టు.

తిట్టినా పొంగిపోయే
నాన్న


బరోడా,
డిసెంబరు 9.

నాన్నా,

చూశాను. విన్నాను. వద్దని రాయలేదు, ఇక రాయను కూడా.

అమ్మ కెమెరాలో ఏముందో తెలుసా? బొమ్మ సంగతి తర్వాత. మాటలు రాస్తున్నాను, ఉన్నవి ఉన్నట్టు. పడవ కనబడగానే అమ్మ అంటుంది: "ఓలప్పా, పసుపేటి పూసారు? మా పిల్ల పచ్చంటే ఆకుపచ్చే. సిన్నప్పుడు రంగు పెన్సిళ్ల డబ్బా కొంటే ముందు ఆకుపచ్చే అరిగిపోయేది. పచ్చ పచ్చ అని ఏడిసేది. ఈ ముసలోడికి తెలీదు." ధనలక్ష్మి "మరి ముందే సెప్పలేదేం అత్తా?" అంటుంది. అమ్మ: "నన్నెవులడిగారు?"

నాన్నా, నేను రాసింది నీకు. అర్థమైంది అమ్మకి. నాతో మాట్లాడకుండా ఉన్న అమ్మకి నా 'పచ్చ' ఏ పచ్చో తెలుసు. ఆ మాట విని హాస్టల్ గదిలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో.

కలిసిపోయే పడవ గురించి నేను కాగితం మీద వేసుకున్న ఆలోచన చింపేశాను. మీరు ముగ్గురూ చూసిందే ఉంచుతాను. పేరు కూడా మార్చాను. 'పచ్చ'. ఆ పేరు చదివి లోపలికొచ్చే ప్రతివాడూ తలలో ఒక రంగు పెట్టుకుని వస్తాడు. తర్వాత వాడి ఖర్మ.

ఫిబ్రవరి ఆరున మొదలు. అదే వారం ఇక్కడ నాకు పరీక్ష, నేను రాలేను. తెరలన్నీ ధనలక్ష్మి పెడుతుంది. నువ్వు అమ్మని తీసుకురా. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు.

నీ
సూర్యకళ


మల్కాపురం,
2026 ఫిబ్రవరి 7.

నా తల్లీ, నా మహారాణీ!

నిన్న వెళ్లాను! గంజి పెట్టిన చొక్కా వేసుకుని వెళ్లాను! హాలు గుమ్మం పక్కన నీ పేరు, ఇంతేసి అక్షరాలు. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చూశాను, గోడకి అంటించినట్టున్నాయి, ఊడిరావు. మంచి పని.

లోపల చీకటి. మూడు వైపులా మూడు తెరలు, గోడలంత. ఒకదాంట్లో నేను చూసింది! నేను కాదు, నా చూపు! నేను తల తిప్పితే సముద్రం తిరుగుతోంది, నేను గెంతితే ఆకాశం గెంతుతోంది. వచ్చిన ప్రతివాణ్ణీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "ఇది నా కళ్లండీ, నా కళ్లు" అని చెప్పాను. కాలేజీ పిల్లలు నాతో ఫొటోలు దిగారు. రంగు దగ్గరికొచ్చేసరికి మన షెడ్డు కింద జరిగిందే అక్కడా జరిగింది. ఇద్దరు పెద్దమనుషులు, మొగుడూ పెళ్లాలు, పచ్చంటే ఏ రంగో తేల్చుకోలేక గుమ్మం బయట కూడా వాదించుకుంటూ కారెక్కారు. నువ్వు గెలిచావమ్మా!

అన్నీ రాయాలి కనుక ఇదీ రాస్తున్నాను. మీ అమ్మ రాలేదు. చీర కూడా తీసి పెట్టుకుంది. నేనే ఉండబట్టలేక, బయల్దేరే ముందు ఒక మంచి మాట చెబుదామని, "నూకాలూ, నువ్వు ఒడ్డున నన్ను ముసలోడన్నదీ, గొణిగిందీ, అంతా ఊరు ఊరంతా వినబోతోంది!" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను తల్లీ. చీర మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. "నా నోరు పదిమందికీ సూపించి నవ్వించడానికేటి పిల్లకి సదువు? నాను రాను" అంది. రాత్రి అన్నం కూడా సరిగ్గా వడ్డించలేదు.

ఫర్వాలేదు, కరుగుతుంది. ఇంకా మూడు ఆదివారాలు ఉన్నాయి కదా.

గోడంత కళ్లున్న
నాన్న


బరోడా,
ఫిబ్రవరి 13.

నాన్నా,

ఇరవై రెండో తారీకు ఆదివారంతో అయిపోతుంది. తర్వాత తెరలు విప్పేస్తారు. అందుకే రెండు ప్రశ్నలు, సూటిగా.

నా డిసెంబరు ఉత్తరం అమ్మకి చదివి వినిపించావా? ఎగతాళి చేయడానికి ఆమె మాటలు పెట్టానని ఆమె అనుకుంటోంది. ఆ మాటలే లేకపోతే ఈ పనే లేదని ఆమెకి ఎవరు చెప్పాలి?

రెండోది. నువ్వు నీ తెర ముందు నిలబడి అందరికీ చూపించావు సరే. అమ్మ తెర చూశావా?

సూర్యకళ


మల్కాపురం,
ఫిబ్రవరి 22, ఆదివారం.

సూర్యకళా, తల్లీ,

నీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే: లేదు. ఆ ఉత్తరం వచ్చిన రోజు 'వద్దని రాయలేదు' అన్న మొదటి ముక్క చదివి ఎగిరి వీధిలోకి పోయాను. ఊరందరికీ చదివాను, ఇంట్లో చదవలేదు.

నిన్న సాయంత్రం మీ అమ్మ చేప శుభ్రం చేస్తోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని మొదటి నుంచీ చదివాను. 'నాతో మాట్లాడకుండా ఉన్న అమ్మకి నా పచ్చ ఏ పచ్చో తెలుసు' అన్న చోటికి వచ్చేసరికి కత్తిపీట చప్పుడు ఆగింది. నేను తలెత్తలేదు, భయం. కాసేపటికి మళ్లీ మొదలైంది. పూర్తయ్యాక, "ఏడిసిందని రాసిందేటి?" అంది. "రాసింది" అన్నాను. "మళ్లీ సదువు" అంది. చదివాను.

ఇవాళ పొద్దున్న బీరువా తలుపు చప్పుడైంది. ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి, "ఆటో పిలు" అంది.

చీకటి గదిలోకి వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది. ధనలక్ష్మి ఆమెని నా తెర ముందు కూర్చోబెట్టింది. ఎప్పటిలా నేనూ అక్కడే నిలబడి వివరించబోయాను. "నాకు కళ్లున్నాయి, నువ్వెల్లు" అంది. వెళ్లాల్సిన చోటు ఒకటే మిగిలింది. మీ అమ్మ తెర ముందుకి వెళ్లాను.

ఎలా రాయను తల్లీ. పడవని చూడాలనే కదా మమ్మల్ని ఒడ్డున నిలబెట్టావు. మీ అమ్మ తెరలో పడవ లేదు. ఓ మూలన పసుపు గీతలా కాస్త కనబడుతుంది, మళ్లీ పోతుంది. తెర నిండా ఒక ముసలివాడి వీపు. చొక్కా వెనక తడిసి, ఎముకలు తెలుస్తూ, పిచ్చివాడిలా గెంతుతూ నీళ్లలోకి పోతున్నాడు. ఎవడబ్బా వీడు అనుకున్నాను. నేనే.

అల వచ్చినప్పుడల్లా కింద నుంచి ఒక చెయ్యి లేస్తుంది. గాజుల చెయ్యి. నా చొక్కా పట్టుకోబోతుంది. నేను నిలదొక్కుకోగానే దిగిపోతుంది. మళ్లీ అల, మళ్లీ చెయ్యి. నోరు మాత్రం పసుపనీ ఆకుపచ్చనీ ధనలక్ష్మితో మాట్లాడుతూనే ఉంది. పడవ ఒడ్డుకి తగిలి అందరూ కేకలేశాక కూడా ఆ చూపు పడవ మీదికి పోలేదు. నేను పొడి ఇసకలోకి వచ్చేదాకా నా కాళ్ల మీదే ఉంది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశానా? నా వెనక ఎవరున్నారో నాకేం తెలుసు!

పక్కనున్న అమ్మాయి "తాతగారూ, ఇది ఎవరి కళ్లండీ?" అని అడిగితే, మీ అమ్మ వైపు వేలు చూపించాను అంతే.

మీ అమ్మ నా తెర ముందు నుంచి లేవలేదు. దగ్గరికి వెళితే, తల తిప్పకుండానే, "ఏటయ్యా, నీకు సముద్రం ఇలగ కనబడతాదా? ఇంత సంబరంగా?" అంది. అవునన్నాను. "నాకు ఎప్పుడూ బయమే" అంది. తెర వైపే చూస్తూ, "బాగుంది. పసుపు కూడా బాగుంది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పిల్ల ఇంత పని సేసిందా" అంది.

బయటికొచ్చి నీకు ఫోను కలపమంది. తనే అడిగింది! నువ్వు ఎత్తలేదు, ఎక్కడున్నావో. మళ్లీ కలిపాను, ఎత్తలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది, పక్కన హారన్లు మోగుతున్నా. చివరికి నా చేతిలో పెట్టి, "ఉత్తరం రాయి. నాను సెప్పింది సెప్పినట్టు రాయి, నీ సంబరాలు కలపకు" అంది. ఇదిగో, ఇప్పుడు పక్కనే కూర్చుని చెబుతోంది. నేను ఏమీ కలపడం లేదు:

"సూర్యకళా, అమ్మని. తిండి సరిగ్గా తిను. మీ మామయ్య ఆ పడవకి మళ్లీ నీలం వేత్తానంటన్నాడు, నాను వద్దన్నాను. ఇంకోపాలి ఏదైనా తియ్యాలంటే, రంగుల సంగతి మీ నాన్నకి రాయకు. నాకు రాయి. సదివి వినిపించడం ఆయన పని. ఏ పచ్చో నాను సెప్తాను."